టనుకిని పారేసుకోవడం

ఆ రోజు పొద్దున్న ఫుసాయె పెట్టుకున్న పని ఒక్కటే. రాత్రయ్యేలోగా ఒసాకాలో ఎక్కడో ఒకచోట టనుకి బొమ్మని పోగొట్టుకోవాలి. టనుకి అనే నక్కలాంటి అడవి జంతువు రూపంలో చేసిన మట్టిబొమ్మ, మూరెడు ఎత్తు, బానపొట్ట, నెత్తిన గడ్డి టోపీ, చేతిలో సారా కుండ, ముఖాన వెకిలి నవ్వు. సారాకొట్ల గుమ్మాల్లో నిలబడవలసిన ఆ మహానుభావుణ్ణి, ఇంటికి కలిసొస్తుందంటూ భర్త అక్కగారు మసూయో తెచ్చి ఫుసాయె వాకిట్లో పెట్టి వెళ్ళింది.

కలిసొచ్చిందేమీ లేదు. మొన్నామధ్య భూమి కాస్త కదిలినప్పుడు ఇదే సందనుకుని ఫుసాయె, టనుకి పడి ముక్కలైపోయిందని వదినగారికి ఫోన్లో చెప్పి ఏడ్చినంత పని చేసింది. ముక్కలవని టనుకి అలమరలో నవ్వుతూనే ఉంది. ఇప్పుడు వదినగారు రేపు పొద్దున్నే వస్తోంది. ఎవరింటికెళ్ళినా అలమరలన్నీ తెరిచి చూడనిదే ఆమెకి కాఫీ దిగదు. బొమ్మ కంటబడిందా, ఇన్నేళ్ళుగా మంచి మరదలనిపించుకున్నదంతా గంగలో కలిసినట్టే.

"పగలగొట్టి పారెయ్యవే" అంది చిన్ననాటి స్నేహితురాలు చిజుకో.

"కళ్ళున్నదాన్ని ఎలా పగలగొడతానే? నా వంకే చూస్తుంటే."

కళ్ళూ ముక్కూ ఉన్న బొమ్మని చెత్తలో వెయ్యడానికి అక్కడ ఎవరికీ చేతులు రావు. గుళ్ళో అడిగితే మంత్రాలు చదివి సాగనంపుతాం గాని, వచ్చే నెల దాకా కుదరదన్నారు. తన ఇంట్లో మాత్రం పెట్టుకోనని చిజుకో ముందే చెప్పేసింది. ఇంత పెద్ద ఊళ్ళో ఒక బొమ్మని మరిచిపోవడం ఎంతసేపని, పనిలో పనిగా ఊరూ చూసినట్టుంటుందని ఆమె తేల్చింది. బొమ్మని గుడ్డలో మూటగట్టుకుని ఇద్దరూ బయల్దేరారు.

తెన్నోజి పార్కులో బెంచీ మీద మూట వదిలేసి, వెనక్కి చూడకుండా నడిచారు. గేటు దాటుతుండగా వెనక నుంచి కేకలు. చదరంగం ఆడుకుంటున్న ముసలాయన గెలిచే ఆట వదిలేసి, ఆయాసపడుతూ మూట తెచ్చి ఫుసాయె చేతిలో పెట్టాడు. ఇద్దరూ నడుములు వంచి దండాలు పెట్టారు. మధ్యాహ్నం క్యాబేజీ అట్ల దుకాణంలో బల్ల కింద వదిలారు. దుకాణం యజమానురాలు చేతిలో అట్లకాడతోనే రెండు వీధులు పరుగెత్తుకొచ్చి, పెద్దతనంలో ఇలాంటి మతిమరుపు మామూలేనని ఓదార్చి వెళ్ళింది. ఆ ఓదార్పుకి చిజుకోకి ఒళ్ళు మండిపోయింది.

ఊరి చుట్టూ తిరిగే రైల్లో వదిలేస్తే పీడ విరగడౌతుందనుకున్నారు. వదిలారు. హాయిగా కోట చూసి, చెర్రీ చెట్ల కింద ఐస్‌క్రీం తిని తిరిగొచ్చేసరికి, టనుకి బొమ్మ పోగొట్టుకున్నవారు ఆఫీసుకి రావాలని స్టేషన్ మైకులో పిలుస్తున్నారు. ఇద్దరూ ఆకాశంలోకి చూస్తూ నిలబడ్డారు. ఇంతలో అదే రైల్లో వచ్చిన ఒకావిడ వాళ్ళని గుర్తుపట్టి, సాయం చేస్తున్నానన్న సంతోషంతో చెయ్యి పట్టుకుని లాక్కుపోయింది. స్టేషన్ గుమాస్తా పేరూ అడ్రసూ అడిగాడు. ఫుసాయె గడగడా చెప్పేసింది. అతను చీటీ రాసి బొమ్మ మెడకి కట్టి, మళ్ళీ పోకుండా చూసుకోమన్నాడు.

"దొంగ పేరేదైనా చెప్పి చావొచ్చుగా" అని చిజుకో బయటికొచ్చి చీటీ పీకేసింది.

"టోపీ పెట్టుకున్నవాళ్ళ ముందు నా నోట అబద్ధం రాదే."

"వదిన ముందు మాత్రం బాగా వచ్చిందిలే."

దీపాలు పెట్టే వేళకి ఇద్దరి కాళ్ళూ పీకుతున్నాయి. ఎవరు పలకరించినా ఫుసాయె ఉలిక్కిపడుతోంది. దోతోంబొరి కాలవ గట్టున రంగు దీపాల కింద జనంలో పడి నడుస్తుండగా, ఒక సారాకొట్టు గుమ్మంలో ఇంకో టనుకి కనబడింది. చిజుకో అటూ ఇటూ చూసి, మూట విప్పి తమ బొమ్మని దాని పక్కన నిలబెట్టింది. అన్నదమ్ముల్లా ఉన్నారు. ఎవరూ పిలవలేదు, ఎవరూ పరుగెత్తుకు రాలేదు. ఫుసాయెకి ప్రాణం లేచొచ్చింది. ఆ ఊరు తనకిన్నాళ్ళూ ఇంత అందంగా ఎప్పుడూ కనబడలేదు.

మర్నాడు పొద్దున్న మసూయో వచ్చి గుమ్మంలో చెప్పులు విప్పుతోంది. వదినగారిని చూద్దామని చిజుకో కూడా వచ్చింది. అంతలో గంట మోగింది. తలుపు తీస్తే పోలీసు, అతని చంకలో టనుకి. కొట్టు మూసేటప్పుడు ఒకటికి రెండు కనబడేసరికి పరాయి సొమ్ము తన గుమ్మంలో ఉండకూడదని యజమాని తెచ్చి అప్పగించాడట. స్టేషన్ గుమాస్తా జాగ్రత్తపరుడు, బొమ్మ అడుగున కూడా ఇంకో చీటీ అంటించాడట.

ఫుసాయెకి తల కొట్టేసినట్టయింది. భూమి ఇంకోసారి కదిలితే బాగుండుననుకుంది. మసూయో మాత్రం మరదలి వంక చూడలేదు. బొమ్మనే చూస్తూ మెట్టు మీద కూలబడిపోయింది.

"పగిలిందన్నావు కదే. ఆ రాత్రి ఎంత హాయిగా నిద్రపోయానో."

"వదినా..."

"మా అత్తగారిచ్చింది. క్యోటోలో వదిలాను, నారాలో వదిలాను, నగోయాలో వదిలాను. ఎక్కడ వదిలినా తెచ్చిచ్చారు. చివరికి దిక్కుతోచక నీకిచ్చాను. నువ్వు నన్ను క్షమించాలి."

ఫుసాయెకి ముందు నవ్వొచ్చింది, తరవాత కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి. ముగ్గురూ గుమ్మంలోనే కూర్చుని చాలాసేపు నవ్వారు. ఏమీ అర్థంకాని పోలీసు, పోయిన వస్తువు దొరికితే ఎవరికైనా ఇలాగే ఉంటుందని చెప్పి, సెల్యూట్ కొట్టి వెళ్ళిపోయాడు.

టనుకిని ఇంకా వదిలి చూడని ఊరు కదా అని మధ్యాహ్నం ముగ్గురూ కోబే రైలెక్కి, టనుకికి కిటికీ పక్క సీటిచ్చారు.