పురుగు పట్టని పియానో

పొద్దున్నే క్లబ్బుకెళ్ళి పియానోని ఒకసారి వాయించి చూసుకుంటే సాయంత్రం కచేరీకి బెంగ ఉండదనుకుంది గౌరీశ్వరి. కంచరపాలెం చర్చిలో నేర్చుకున్న చిన్న పియానో ఆమెకు సొంతమనిషి లాంటిది. పెద్ద గ్రాండ్ పియానో అంటేనే భయం. వీణవాళ్ళు తమ వీణ తాము తెచ్చుకుంటారు. పియానోవాళ్ళు ఉన్నదాని ముందు కూర్చోవాలి. మద్రాసులోదాని మెట్లు నొక్కితే మళ్ళీ లేవలేదు. కలకత్తాలోది చక్రాల మీద దొర్లిపోతుంటే ఈవిడ స్టూలుతో సహా వెంటపడింది.

ఇవాళ అలాంటిది జరిగితే ఉద్యోగం రాదు. ఉక్కు కర్మాగారం కట్టడానికొచ్చిన రష్యా ఇంజనీర్ల పిల్లల బడికి సంగీతం టీచరు కావాలి. ఎంపిక చేసే దొరసాని ముందు వరసలోనే కూర్చుంటుంది.

క్లబ్బు కాపలాదారు వరహాలు గర్వంగా మూత ఎత్తాడు. గౌరీశ్వరి మెట్టు నొక్కితే దబ్బుమంది. లోపలికి తొంగిచూసి హడలిపోయింది. తీగల నిండా వేపాకు, ఎండుమిరపకాయలు!

"ఏటిది వరహాలూ?"

"లోపల ఉన్నిగుడ్డకి పురుగు పడతాదన్నారమ్మా. మాయింట్లో కందిపప్పు డబ్బాలో ఇలాగే ఏత్తాం."

"నీకు దండం పెడతాను, తీసెయ్యి!"

వేపాకు తేలిగ్గానే వచ్చింది. మిరపకాయలు మాత్రం చేతిలో పొడైపోయి తీగల కిందికి రాలాయి. వరహాలు గుడ్డతో దులిపాడు. ఇద్దరూ తుమ్మారు. దుమ్మేలే అనుకుంది గౌరీశ్వరి.

సాయంత్రం ఒక పెళ్ళి నాట్యం పాట మొదలుపెట్టింది. గట్టిగా వాయించే చోటికి రాగానే ఎర్రటి పొడి లేచింది. ఎవరో దగ్గారు. నచ్చలేదు కాబోలని ఆమె ఇంకా గట్టిగా వాయించింది. పొడి ఇంకా లేచింది. క్లబ్బు సెక్రటరీ శ్రీరామ్మూర్తి ఫ్యాను ఆపమని చెయ్యి తిప్పాడు. పెంచమన్నాడనుకుని వరహాలు పూర్తిగా తిప్పేశాడు.

కళ్ళు మండిపోతున్నాయి. మసకలో చూస్తే అందరూ రుమాళ్ళు మూతికి అడ్డం పెట్టుకున్నారు. నవ్వుతున్నారు! గౌరీశ్వరికి అక్కడే ప్రాణం పోతే బాగుండుననిపించింది. అయినా ఆగే ధైర్యం లేక చివరిదాకా బాదేసింది.

చప్పట్లు లేవు. దొరసాని లేచి, ఎర్రబడ్డ కళ్ళు తుడుచుకుంటూ వచ్చి ఆమె రెండు చేతులూ పట్టుకుంది. పక్కనున్న దుబాసీ కూడా ముక్కు చీదుకుని చెప్పాడు.

"పెళ్ళి పాటలో ఇంత దుఃఖం ఉందని అమ్మగారికి ఇన్నాళ్ళూ తెలీదట. సోమవారం నుంచి బడికి రమ్మంటన్నారు."

మరుసటేడు గౌరీశ్వరి బొంబాయిలో, దేశంలోకెల్లా మేలైనదని పేరున్న పియానో మీద అదే పాట వాయించింది. మెట్లు లేచాయి, చక్రాలు కదల్లేదు, ఒక్కరి కన్నూ చెమర్చలేదు. ఆ పియానోలో ఏం తక్కువైందో ఆమెకూ వరహాలుకూ తప్ప ఎవరికీ తెలియదు.