కారుకి ఆదివారం సెలవు

ఆదివారాలు సరదాకి కారు తియ్యకూడదని ఇంట్లో చట్టం వచ్చి మూడు వారాలైంది. నాలుగో వారానికల్లా అచ్చుతప్పుకి ఆ చట్టంలో కారు పట్టేంత కంత కనిపించింది.

ముందు ఆ పేరు సంగతి చెప్పాలి. అతను ఒక అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దుతాడు. ఎవరు రాసిన దాంట్లోనైనా కొమ్ము లేకపోయినా, ఒత్తు ఎగిరిపోయినా డేగలా పట్టేస్తాడు. అంతటివాడు తన శుభలేఖ తనే దిద్దుకుని, పెళ్ళికొడుకు పేరే తప్పు పడితే చూసుకోలేదు. ఆ రోజు నుంచి అతని అసలు పేరు అతనికి తప్ప ఎవరికీ గుర్తులేదు. ఈమధ్య అతనికీ కాస్త అనుమానంగానే ఉంది.

భార్య ఊపిరితిత్తుల ఆసుపత్రిలో నర్సు. పొద్దస్తమానం పిల్లల చేత ఒక గొట్టంలోకి ఊదించి, ఎవరికెంత ఊపిరుందో రాసుకుంటుంది. కొంతమంది పిల్లలు బుగ్గలు పూరించి, కళ్ళు పెద్దవి చేసి ఊదినా గొట్టం మీది ముల్లు కదలదు. అలాంటి పిల్లనొకదాన్ని చూసొచ్చిన రోజు ఆవిడ చెప్పులు కూడా విప్పకుండా తిన్నగా కారు షెడ్డు ముందుకెళ్ళి నిలబడింది.

"ఏమండీ, ఆసుపత్రికి తియ్యండి, వానొస్తే తియ్యండి, నలుగురం కలిసి వెళ్తే తియ్యండి. మీరొక్కరే జలాశయం గాలికి పోవడానికి మాత్రం కారు తియ్యొద్దు."

"గాలి పీల్చుకోవడం కూడా నేరమేనా?"

"మంచిగాలి మీకు, దారి పొడుగునా చెడ్డగాలి అందరికీ. అయినా మీరొక్కరు నీళ్ళు చూడ్డానికి అంత ఇనుము కూడా వెంట రావాలా? అదెప్పుడూ నీళ్ళు చూడలేదా?"

"పాపం, దానికి మాత్రం ఆటవిడుపు ఉండొద్దూ?"

"ఉండాలి. అందుకే ఆదివారం సెలవిచ్చాను. మీకు సైకిలు కొన్నాను. తొక్కండి."

అచ్చుతప్పుకి జలాశయం అంటే ప్రాణం. నీళ్ళ కోసం కాదు. గట్టు మీద నీడ చూసి కారాపి, సీటు వెనక్కి వాల్చి, పాత పాటలు పెట్టుకుని, వేరుశనక్కాయలు ఒలుచుకుంటూ కునుకు తీస్తాడు. ఇంట్లో కునికితే సోమరితనం, అక్కడ కునికితే విహారం. వారమంతా ఇతరుల తప్పులు చూసి చూసి వాచిపోయిన కళ్ళకి అదొక్కటే మందు.

సైకిలు తొక్కి చూడలేదని కాదు. మొదటి వారం వీధి చివరిదాకా వెళ్ళాడు. రెండో వారం వీధి చివరున్న టీకొట్టు దాకా వెళ్ళాడు. మూడో వారం సైకిలే అతన్ని తొక్కింది.

ఇక పథకం ఏమిటంటే, భార్యకి ఆదివారం పొద్దున డ్యూటీ. ఆరున్నరకి బస్సెక్కితే ఒంటిగంట దాటితే గానీ రాదు. అత్తగారు ముందు వరండాలో కూర్చుని వీధిని కాపలా కాస్తుంది. షెడ్డేమో ఇంటి వెనక, ఏటవాలు సందుకి పైకొసన ఉంది. బ్రేకు వదిలితే చాలు, ఇంజనుతో పనిలేకుండా కారు దొంగపిల్లిలా వెనక్కి జారుకుంటూ పెద్దరోడ్డు మీదికి దిగుతుంది.

మిగిలిన చిక్కల్లా ఖాళీ షెడ్డు. అత్తగారు వంటింటి కిటికీలోంచి తొంగిచూస్తే?

అక్కడే అతనిలోని ప్రూఫులు దిద్దే మనిషి మేలుకున్నాడు. కారు మీద కప్పే గుడ్డ ఉండనే ఉంది. ఆ గుడ్డ కింద కారే ఉండాలని చట్టంలో ఎక్కడా లేదు! ఒక మడతమంచం, రెండు కుర్చీలు, ఫ్రిజ్జు తెచ్చిన అట్టపెట్టె పేర్చి గుడ్డ కప్పాడు. నాలుగడుగులు వెనక్కేసి చూశాడు. అంతా బాగానే ఉంది గానీ చెవులు లేవు. అద్దాలుండే చోట అటొక గరిటె, ఇటొక గరిటె కట్టాడు. ఇప్పుడు చూస్తే అసలు కారు కన్నా ఇదే కొత్తగా ఉంది.

సైకిల్ని వెనక సీట్లో పడుకోబెట్టుకుని దర్జాగా జలాశయం చేరాడు. కమ్మగా నిద్రపోయాడు.

వెళ్ళడం గురించి అంత ఆలోచించినవాడు రావడం గురించి ఆలోచించలేదు. పోయేటప్పుడు పల్లమైన సందు వచ్చేటప్పుడు ఎత్తు. పోనీ ఇంజను వేసుకొద్దామంటే ఆ కారు దగ్గు వీధంతటికీ పరిచయం. చేసేదేముంది? స్టీరింగుని తువ్వాలుతో బిగించి కట్టి, వెనకనుంచి తొయ్యడం మొదలెట్టాడు. పదడుగులు తోసి, చక్రం కింద ఇటుక పెట్టి, కాసేపు ఆయాసపడి, మళ్ళీ పదడుగులు. అరవై అడుగుల సందే గానీ, అది ఎక్కేసరికి ఒకటో తరగతిలో పక్కన కూర్చున్నవాళ్ళ పేర్లతో సహా అతనికి అన్నీ గుర్తొచ్చాయి. గుడ్డ కింది సామాను ఎక్కడిదక్కడ పెట్టేసి, కారుని లోపలికి తోసి గుడ్డ కప్పాడు.

భార్య వచ్చేసరికి కుర్చీలో పిండిన బట్టలా పడున్నాడు.

"అమ్మో, ఇంత చెమటా! నిజంగా జలాశయం దాకా తొక్కారా?"

"తొక్కలేదంటే నమ్ముతావా?" అన్నాడు రొప్పుతూ. అబద్ధం కాకుండా జాగ్రత్తగా దిద్దుకున్న వాక్యమది.

ఆవిడ ఆసుపత్రి గొట్టం తెచ్చి ఊదించింది. మొదటి వారం ముల్లు కాస్త ఒణికింది. రెండో వారం కదిలింది. ఆరో వారానికి అతను ఊదితే ముల్లు చివరికంటా పోయి, రానని అక్కడే కూర్చుంది. పొట్ట లోపలికెళ్ళింది, లాగులు జారడం మొదలెట్టాయి. అద్దంలో చూసుకుని, మోసానికి ఇంత ఆరోగ్యం ఉంటుందని ఇన్నాళ్ళూ తెలీనందుకు అచ్చుతప్పు విచారించాడు.

ఈ మార్పు తీర్మానం తాతగారి కంట పడింది. ఆయన రిటైరైన పోస్టుమాస్టరు, వీధి సంఘం అధ్యక్షుడు. వీధిలో పిల్లి పిల్లల్ని పెట్టినా సరే, హర్షం ప్రకటిస్తూ తీర్మానం చెయ్యందే నిద్రపోడు. అచ్చుతప్పు ఆదివారాల సంగతి వినగానే ఆయన కలం తీశాడు.

"ఆదర్శ పౌరుణ్ణి సత్కరించాల్సిందే! ఆరు వారాలుగా కదలకుండా త్యాగం చేస్తున్న ఆ కారుని కూడా సత్కరించాల్సిందే! ముందుగా చెప్తే మొహమాటపడతాడు. ఏడో ఆదివారం ఆయన జలాశయానికి వెళ్ళినప్పుడు షెడ్డు దగ్గరే సభ పెట్టేద్దాం."

ఈ మాట వీధిలో అందరికీ తెలుసు, ఒక్క అచ్చుతప్పుకి తప్ప.

ఏడో ఆదివారం పన్నెండున్నరకి అతను యథాప్రకారం సందు మొదట కారాపి, స్టీరింగు కట్టేసి, తల వంచి తొయ్యడం మొదలెట్టాడు. చెమట కళ్ళల్లోకి, తలకి చుట్టిన ఇంకో తువ్వాలు చెవుల మీదికి. అదే సమయానికి సందు పైకొసన షెడ్డులో ముప్పై మంది నిలబడి ఉన్నారు. గుడ్డ కప్పిన కారుకి ఆకుపచ్చ రిబ్బను కట్టి ఉంది. తాతగారు మైకు ముందు నిలబడి తీర్మానం చదువుతున్నాడు. సెలవు పెట్టుకొచ్చిన భార్య ముందు వరసలో ఉంది.

"...పొగ కక్కే అవకాశం ఉండి కూడా కక్కని ఈ వాహనాన్ని..." అంటూ తాతగారు తలెత్తి ఆగిపోయాడు.

డ్రైవరు లేని కారొకటి సందులోంచి తిన్నగా షెడ్డులోకి వస్తోంది. దాని వెనకనుంచి ఎవరో బతిమాలుతున్నారు.

"ఇంకొక్క అడుగు, నా తల్లీ! ఎవరూ చూడకముందే దూరిపోదాం! రేపు నీకు స్నానం చేయిస్తాను!"

మైకు ఆ మాటల్ని వీధంతటికీ చేరవేసింది.

కారు ముక్కు వచ్చి గుడ్డ కప్పిన కారుని మెల్లిగా ముద్దుపెట్టుకుంది. అంతే. అట్టపెట్టె దొర్లింది. కుర్చీలు కూలాయి. మడతమంచం మడుచుకుని, తాతగారి తీర్మానం కాగితాన్ని మింగేసింది. ఒక గరిటె ఎగిరి మైకు మీద ఠంగుమంది. రెండోది అత్తగారి కాళ్ళ దగ్గర పడింది.

అచ్చుతప్పు తువ్వాలు తీసి తలెత్తాడు. అరవై కళ్ళు అతన్నే చూస్తున్నాయి.

అత్తగారు వంగి గరిటె తీసుకుంది. "ఆదివారం వంటంతా చెంచాతో కలుపుతున్నాను ఆరు వారాలుగా. ఇవా అల్లుడుగారూ కారుకి చెవులు?"

ఎవరూ నవ్వలేదు. నవ్వాలో వద్దో తీర్మానం కాలేదు.

"ఏమిటిదంతా?" అన్నాడు తాతగారు.

"కారుని... కాస్త షికారు తిప్పుకొస్తున్నానండీ."

"ఇంజనుతోనా?"

"ఛఛ! ఇంజను ఆపేశాను. చూడండి, పొగుందా?"

తాతగారు కారు చుట్టూ తిరిగి, పొగగొట్టం దగ్గర వాసన చూశాడు. "లేదు! అంటే, జలాశయం నుంచి ఎనిమిది మైళ్ళూ తోసుకుంటూనే...?"

అచ్చుతప్పు భార్య వంక చూశాడు. ఆవిడ మొహంలో కోపం లేదు. అదే అతన్ని భయపెట్టింది.

"అవునండీ తాతగారూ," అందావిడ తాపీగా. "వెళ్ళేటప్పుడూ తోపే, వచ్చేటప్పుడూ తోపే."

"ఆహా! మన వీధిలో అసలైన తోపంటే ఈయనే!" అని తాతగారు మైకులో కేకేశాడు. జనం చప్పట్లు కొట్టారు. "వచ్చే ఆదివారం ఈయన ఇదే కారుని జలాశయం దాకా తోస్తారు. వీధి వీధంతా సైకిళ్ళ మీద వెనకాల వెళ్తుంది. ఇది సంఘం తీర్మానం!"

ఇంట్లోకొచ్చి తలుపు వేసుకోగానే అచ్చుతప్పు కుర్చీలో కూలబడ్డాడు.

"నిజం చెప్పెయ్యవే. ఎనిమిది మైళ్ళు తోస్తే నీకు మొగుడు మిగలడు."

"నేనెందుకు చెప్పాలి? మీరే చెప్పండి. మైకు ఇంకా అక్కడే ఉంది."

అతను తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. "నీకెప్పట్నుంచి తెలుసు?"

"రెండో వారం నుంచి. ఆవేళ డ్యూటీ నుంచి త్వరగా వదిలారు. సందు మొదట్లో నిలబడి చూశాను. ఇటుక పెట్టుకుంటా, తీసుకుంటా కారుని తోస్తున్నారు. ముందు ఒళ్ళు మండిపోయింది."

"తర్వాత జాలేసిందా?"

"లేదు. మీ ఊపిరి రాసుకున్న కాగితం చూశాను. మందు పనిచేస్తుంటే మధ్యలో ఆపకూడదు."

అచ్చుతప్పు మందు పేరు కూడా తెలీకుండా ఆరు వారాలు వాడాడు మరి.

"ఒక్కటి మాత్రం బాధేసింది," అంది ఆవిడ, ఈసారి గొంతు తగ్గించి. "నలుగురితో వెళ్తే తియ్యండి అన్నానా? అంత మంచి చోటని పొగుడుతారే, ఒక్కసారైనా నన్నూ అమ్మనూ రమ్మన్నారా? ఆ గట్టు మీద కూర్చోవాలని మాకుండదా?"

ఈ తప్పు అతనెప్పుడూ పట్టలేదు. చెవులు ఎర్రబడ్డాయి. "వచ్చే ఆదివారం అందరం వెళ్దాం," అన్నాడు.

"వెళ్తున్నాం. లోపలికి వచ్చేముందే తాతగారితో మాట్లాడాను. దారిలో బళ్ళకి అడ్డం కాబట్టి తోపు సందు దిగేదాకా చాలని తీర్మానం సవరించారు. అక్కణ్ణుంచి ఇంజనే."

అచ్చుతప్పు మొహం విప్పారింది. "బతికించావు! నడిపేది నేనేగా?"

"నేను. లైసెన్సు మొన్ననే వచ్చింది. వెనక సీట్లో అమ్మ, తాతగారి చెల్లెలు. ముందు తాతగారు. నలుగురం సరిపోయాం."

"మరి నేనో?"

"వెనక సీట్లో అమ్మ కాళ్ళు చాపుకోవాలి కదండీ. పైగా సైకిళ్ళకి ముందు నాయకుడు లేకపోతే ఎలా?"

వంటింట్లోంచి అత్తగారి గొంతు వినిపించింది. "అల్లుడుగారూ, గాలి పంపు తలుపు వెనక పెట్టాను!"

అచ్చుతప్పు లేచి వెళ్ళి పంపు తెచ్చుకున్నాడు. ముందు చక్రంలో కాస్త గాలుంది, వెనక చక్రంలో బొత్తిగా లేదు. అరుగు పక్కన గొంతుక్కూర్చుని, ఎవరి వంకా చూడకుండా కొట్టడం మొదలెట్టాడు.