ఎనిమిది అడుగుల పైపుకి పొసిగే యాంప్లిఫైయర్

సర్కారు అధికారులకు అర్జీదారుల మాటలు హెడ్‌ఫోన్‌లో తప్ప వినబడకుండా పోయి పదకొండేళ్లయింది. ఆ పదకొండో ఏట, ఎండాకాలం మొదట్లో, చుండూరి పానకాలరావు చేతిలో ఉన్నవి ఇవి: కాలువగట్టు రోడ్డులో పదడుగుల దుకాణం, అందులో అరల నిండా ఇరవై మూడు యాంప్లిఫైయర్లు, ఏ హెడ్‌ఫోన్‌కి ఏ యాంప్ పొసుగుతుందో అర నిమిషంలో తేల్చగల రెండు చెవులు, పచ్చకామెర్లతో రెండోసారి మంచం పట్టి లేచిన భార్య మాణిక్యం. వాళ్లు కాపురముండే పప్పులమిల్లు వీధిలో మంచినీళ్ల పైపు మురుక్కాలువ అడుగునుంచి పోతుంది. అక్కడ ఎనిమిది అడుగుల మేర తుప్పు పట్టి చిల్లులు పడింది. ఆ ఎనిమిది అడుగులు మార్పించాలి. ఆయనకు కావలసింది అంతే.

అధికారుల చెవులకు ఈ జబ్బు ఎలా పట్టుకుందో ఎవరికీ తెలియదు. మొదట ఒక జిల్లాలో ఒకాయనకు వచ్చింది. డాక్టర్లు చూసి చెవులు శుభ్రంగా ఉన్నాయన్నారు. పై అధికారి పిలుపు వినబడేది, టీ గ్లాసు పెట్టిన చప్పుడు వినబడేది, అర్జీ పట్టుకొచ్చిన మనిషి మాట ఒక్కటే వినబడేది కాదు. నెల తిరిగేసరికి రాష్ట్రమంతా అంతే. ప్రభుత్వం వెంటనే జీవో తెచ్చింది. అధికారి హోదాను బట్టి హెడ్‌ఫోన్ ప్రభుత్వం ఇస్తుంది. దానికి పొసిగే యాంప్లిఫైయరు అర్జీదారు తెచ్చుకోవాలి. మాట సవ్యంగా వినబడితే అధికారి ఫైలు మీద 'వినబడినది' అని ముద్ర వేస్తారు. ముద్ర పడితే ఫైలు ముగిసినట్టు. ఆ తర్వాత ఏం జరగాలో జీవోలో లేదు. ఎందుకు లేదని అడగాలన్నా ఒక యాంప్ కావాలి.

అప్పటిదాకా మిక్సీలు బాగుచేసుకుంటున్న పానకాలరావు ఆ వారంలోనే బోర్డు మార్చేశాడు. తహసీల్దారుకి ఇచ్చేది మూడొందల ఓమ్‌ల హెడ్‌ఫోన్. దాన్ని చిన్న యాంప్ నడపలేదు, అర్జీదారు బావిలోంచి మాట్లాడినట్టు వినబడుతుంది. రిజిస్ట్రారుది ముప్పై రెండు ఓమ్‌లది. దానికి పెద్ద యాంప్ తగిలిస్తే మాట వెనక బుస్సుమని మోత వస్తుంది. ఆ మోతను రిజిస్ట్రారు గారు బెదిరింపు కింద రాసుకుంటారు. పాత రేడియోల్లోలా గాజు వాల్వులతో నడిచే వాల్వు యాంప్ గొంతును వెచ్చగా, నిండుగా చేస్తుంది. ఒకసారి పంట పోయిన రైతొకాయన పానకాలరావు మాట వినకుండా వాల్వు యాంప్ పట్టుకెళ్లాడు. కడుపు నిండిన మనిషిలా వినబడ్డాడు. అతని పేరు రైతుల జాబితాలోంచి తీసి దాతల జాబితాలో వేశారు.

దుకాణంలో ఒక పద్ధతి ఉండేది. వచ్చినవాళ్లు తమ అర్జీని అక్కడే మైకులో చదివేవారు. పానకాలరావు ఆ అధికారి వాడే రకం హెడ్‌ఫోన్ పెట్టుకుని, యాంపులు మారుస్తూ వినేవాడు.

"నా కొడుకు పోయి ఏడాదైంది బాబూ, ఆ కాయితం ఇంకా..." అనేది ఒకామె.

"బాగుంది పిన్నిగారూ. 'ఏడాది' దగ్గర కొంచెం నెమ్మది. ఇంకోసారి అనండి."

ఆమె ఇంకోసారి అనేది. ఆయన యాంప్ మార్చేవాడు. పదకొండేళ్లలో ఊళ్లో సగం మంది కష్టాలు ఆయన చెవుల్లోంచి పోయాయి. ఒక్కటీ గుర్తులేదు. ఎవరి గొంతులో బేస్ ఎంతో మాత్రం పేరుపేరునా చెప్పగలడు. తన సరుకు వినిపిస్తుందని పూచీ ఇచ్చేవాడు. అంతకు మించి పూచీ ఎవరూ అడగలేదు.

అలాంటి మనిషి తన అర్జీకి తానే యాంప్ కట్టుకుని, ఒక మంగళవారం పొద్దున అర్జీలు వినే శ్రవణ కార్యాలయానికి వెళ్లాడు. గుమ్మం దగ్గర బల్ల మీద మస్తాన్‌వలి ఉన్నాడు. అర్జీదారు యాంప్‌ను అధికారి హెడ్‌ఫోన్‌కి కలిపే జోడీ గుమాస్తా అతను.

"ఏంది పానకాలూ, నువ్వు కూడా ఈ వరసలోకొచ్చావా?" అన్నాడు వలి. "ఊరందరికీ జోడీలు కట్టినోడివి, నీదెట్టా ఉంటదో చూద్దాం."

"చూద్దువులే. ముందా తీగ అందుకో."

శ్రవణాధికారి అనంతశయనం గారిది మూడొందల ఓమ్‌ల సరుకే. పానకాలరావు అన్నీ తూచి వాల్వు యాంపే తెచ్చాడు. తను మాట్లాడబోయేది మురుగు సంగతి, ఎంతో కొంత తియ్యదనం కలిస్తే వినే మనిషి మొహం చిట్లించుకోడని ఆయన అంచనా. పైపు గురించి, చిల్లుల గురించి, భార్య గురించి నాలుగు నిమిషాలు చెప్పాడు. అనంతశయనం గారు కుర్చీలో వెనక్కి వాలారు.

"గోరువెచ్చటి పాలు తాగినట్టుందయ్యా," అని ఫైలు మీద రాశారు: 'అర్జీదారు నీటి సరఫరా విషయమై మిక్కిలి తృప్తిగా వినబడుచున్నారు. ఇది అర్జీ కాదు.' ముద్ర వేయలేదు.

మరుసటి మంగళవారం ట్రాన్సిస్టర్ యాంప్ తీసుకెళ్లాడు. అది దాపరికం లేని యంత్రం, ఉన్నదున్నట్టు వినిపిస్తుంది. మొదటి వాక్యం సగంలోనే అనంతశయనం గారు హెడ్‌ఫోన్ లాగి బల్ల మీద పడేశారు.

"ఈయన నన్ను తిడుతున్నాడా?"

"లేదు సార్," అన్నాడు వలి. "ట్రెబుల్ ఎక్కువైంది, గొంతు కీచుమంటోంది."

మూడు వారాల్లోగా ట్రెబుల్ తగ్గించుకుని హాజరు కావాలని నోటీసు ఇచ్చారు. తగ్గించినట్టు గెజిటెడ్ అధికారి ధ్రువపత్రం జత చేయాలన్నారు. ధ్రువపత్రం ఇచ్చే అధికారికి ఈ మాట వినిపించాలంటే ఆయన హెడ్‌ఫోన్‌కి వేరే యాంప్ కావాలి. ఆ యాంప్ కొనాలంటే ముందు ఆ హెడ్‌ఫోన్ ఏ రకమో కనుక్కోవాలి. అది కనుక్కోవడానికి దరఖాస్తు ఫారం ఉంది, దాన్ని మాటతోనే నింపాలి. పానకాలరావు ఆ మూడు వారాలూ నాలుగు ఆఫీసులకు యాంపులు మోశాడు. భుజం పట్టేసింది. ధ్రువపత్రం చేతికొచ్చిన రోజునే అనంతశయనం గారికి బదిలీ అయింది.

ఆ మధ్యాహ్నం ఆయన ఇంటికొచ్చి సంచీ కింద పెట్టేసరికి మాణిక్యం నీళ్లు కాచి వడకడుతోంది. వడకట్టిన గుడ్డ గోధుమరంగులో ఉంది.

"ఇయాళ ఏమన్నారు?"

"ఏమంటారు! ఉన్నాయన పోయాడు. కొత్తాయన హెడ్‌ఫోన్ ఇంకో రకం. పలక అయస్కాంతాలది, ఇటికరాయంత బరువు. ఎంత కరెంటు పోసినా తాగేస్తది. పైగా నాలుగు పిన్నుల జాకు."

"పైపు సంగతేందండీ?"

"అదే చెప్తున్నా కదే, మామూలు జాకు దానికి పట్టదు."

"నేనడిగింది పైపు." ఆమె గుడ్డ పిండి ఆరేసింది. "మీరు మాట్లాడితే సరుకు చూపిస్తున్నట్టే ఉంటది. రోగం నాది. ఈసారి నేనొస్తా."

పానకాలరావుకి ఆ మాట నచ్చింది. భార్య గొంతు మధ్యస్థాయిలో నిండుగా ఉంటుందని, పలక అయస్కాంతాలకు అలాంటిదే నప్పుతుందని ఆయనకు అప్పుడే తట్టింది. మస్తాన్‌వలిని బతిమాలి కొత్త అధికారి హెడ్‌ఫోన్‌ను భోజనం వేళ ఒక గంట దుకాణానికి తెప్పించాడు. ఏడు యాంపులు ఒకదాని తర్వాత ఒకటి తగిలించి, మాణిక్యం చేత అర్జీ చెప్పించాడు. మొదటిది పలచగా ఉంది. రెండోది బేస్ అంతా ముద్దచేసింది. మూడోది బాగుందనిపించింది గానీ గొంతు దూరంగా, పక్కింట్లో ఉన్నట్టుంది. నాలుగు, అయిదు చెప్పుకోవడానికి కూడా పనికిరావు. ఆరోది పెట్టేసరికి మాణిక్యం కుర్చీలో కూలబడింది.

"నాకు కళ్లు తిరుగుతున్నాయండీ."

"ఒక్కటే ఉంది. ఏడోది. కూర్చునే చెప్పు."

ఏడోదానితో ఆయన ఉలిక్కిపడ్డాడు. మాణిక్యం గొంతు ఆయన తల మధ్యలో, ముక్కుకి సూటిగా నిలబడింది. ముప్పై ఏళ్ల కాపురంలో ఆమె మాటను అంత దగ్గరగా ఎన్నడూ వినలేదు.

కొత్త శ్రవణాధికారి పేరు కాశీవిశ్వనాథం. మంచి చెవి ఉన్న మనిషని పేరు. మస్తాన్‌వలి నాలుగు పిన్నుల జాకు బిగించాడు. మాణిక్యం మైకు ముందు కూర్చుంది.

"అయ్యా, నా పేరు మాణిక్యం. మా కుళాయి తిప్పితే ముందు మురుగు కంపు వస్తది, ఆ తర్వాత నీళ్లొస్తాయి. రెండుసార్లు కామెర్లొచ్చి పడ్డాను. మూడోసారి పడితే లేవవని డాక్టరు చెప్పేశాడు. ఎనిమిది అడుగులయ్యా మార్చాల్సింది. మా వీధిలో పన్నెండుమంది చంటిపిల్లలు అవే తాగుతున్నారు."

కాశీవిశ్వనాథం గారు కళ్లు మూసుకున్నారు. చాలాసేపు తెరవలేదు. కనుకొలకుల్లో నీళ్లు నిలిచాయి. పానకాలరావు వలి వైపు చూశాడు. వలి నోటి మీద వేలు పెట్టుకున్నాడు.

"అమ్మా, ఇంకొక్కసారి," అన్నారు అధికారి.

ఆమె మళ్లీ చెప్పింది. తీగ మార్చి మళ్లీ చెప్పమన్నారు. చెవులకు తగిలే మెత్తలు మార్చి మళ్లీ అడిగారు. పక్క గదుల్లోంచి అధికారులు ఒక్కొక్కరూ వచ్చి హెడ్‌ఫోన్ పెట్టుకుని విన్నారు. 'కామెర్లు' అనేముందు ఆమె తీసుకున్న ఊపిరి కూడా వినబడుతోందన్నారు. గోడ గడియారం ఎడమవైపు, వీధిలో సైకిల్ గంట కుడివైపు, దేని చోట అది ఉందన్నారు. 'చంటిపిల్లలు' దగ్గర ఆమె గొంతు చిన్నగా వణికింది కదా, ఆ వణుకును చెదరకుండా అందించిన యాంప్ తమ సర్వీసులో చూడలేదని ఒకాయన అన్నాడు. మాణిక్యం పదకొండుసార్లు చెప్పింది. పదకొండోసారికి గొంతు బొంగురుపోయింది. అది ఇంకా బాగుందన్నారు.

కాశీవిశ్వనాథం గారు లేచి నిలబడి ముద్ర వేశారు. 'వినబడినది.'

"పైపు ఎప్పుడేస్తారండీ?" అంది మాణిక్యం.

అప్పటికే వలి జాకు పీకేశాడు. అధికారి ఆమె పెదవులు కదలడం చూసి, నవ్వి, నమస్కారం పెట్టారు.

ఆ రోజు రికార్డు చేసినది రాజధానికి వెళ్లింది. అక్కడి నిపుణుల కమిటీ మూడు రోజులు విని, దాన్ని రాష్ట్రానికంతటికీ నమూనా అర్జీగా ఖాయం చేసింది. ఇకమీదట ఏ ఆఫీసుకి హెడ్‌ఫోన్లు కొన్నా, ఏ కంపెనీ ఏది బాగుందని చెప్పినా, ముందు మాణిక్యం అర్జీ వేసి విని తేల్చాలి. పానకాలరావు దుకాణం ముందు జనం బారులు తీరారు. వచ్చినవాళ్లు కళ్లు మూసుకుని, 'మురుగు కంపు వస్తది' దగ్గర తలలూపేవారు. మాణిక్యం వీధిలో కనబడితే గుర్తుపట్టి, "అక్కా, ఆ ఎనిమిది అడుగులన్నది మీరే కదా!" అని పలకరించేవారు. పప్పులమిల్లు వీధిలో మాత్రం కుళాయి తిప్పితే ముందు వచ్చేది ముందే వచ్చేది.

రెండు నెలలకు ప్రభుత్వం పానకాలరావుని జిల్లా గౌరవ శ్రవణ సలహాదారుగా నియమించింది. ముగిసిన ఫైళ్లలో దేన్నయినా తిరిగి తెరిపించి పని చేయించే అధికారం ఆ పదవికి ఉంది. ఉత్తర్వు చేతికిచ్చేటప్పుడు మస్తాన్‌వలి ఆ వాక్యం మీద వేలు పెట్టి చూపించాడు.

"ఇంకేం కావాలి పానకాలూ? సంతకం పెట్టు, రేపీపాటికి నీ పైపు తవ్విస్తారు."

"అందుకే కదయ్యా ఒప్పుకుంటున్నా," అన్నాడు పానకాలరావు. అది నిజమే. ఆ మాట అన్నప్పుడు ఆయన మనసులో పైపు తప్ప మరొకటి లేదు. సంతకం పెట్టాడు. హోదాకు తగ్గ హెడ్‌ఫోన్ ఇచ్చారు.

ఇంటికొచ్చేసరికి మాణిక్యం మంచం మీద ఉంది. కళ్లు పసుప్పచ్చగా ఉన్నాయి. మూడోసారి.

"అన్నం గిన్నెలో పెట్టాను, తినండి," అంది. వినబడింది. "వలి వచ్చాడా?" అంది. అదీ వినబడింది. ఆ తర్వాత ఆమె లేచి కూర్చుని ఇంకేదో చెప్పింది. పెదవులు కదిలాయి. గదిలో ఫ్యాను తిరుగుతున్న చప్పుడు తప్ప ఆయన చెవులకు మరేమీ అందలేదు.

"ఏందీ?" అన్నాడు.

ఆమె మళ్లీ చెప్పింది. మళ్లీ ఫ్యానే. మాణిక్యం కాసేపు ఆయన మొహంలోకి చూసింది. ఇన్నేళ్లు ఈ వ్యాపారం పక్కన బతికిన మనిషి, విడమరిచి చెప్పనక్కర్లేదు. గోడ పట్టుకుని ముందుగదిలోకి నడిచి, ఆయన అక్కడ తెచ్చి భద్రం చేసిన ఏడో యాంప్ మోసుకొచ్చి, ఆయన ఒళ్లో ఉన్న హెడ్‌ఫోన్‌కి తనే జాకు బిగించి, మైకు చేతిలోకి తీసుకుంది.

"ఏవండీ, ఇప్పుడది మీ చేతిలో పని. ఆ ఫైలు తెరిపించండి. ఈ పూటే తెరిపించండి. నేను అట్టే రోజులుండను."

పానకాలరావు కళ్లు మూసుకున్నాడు. జ్వరంతో గొంతు సన్నబడింది, కానీ ఆ సన్నదనంలో ఒక కొత్త జిలుగుంది. 'ఈ పూటే' అన్నప్పుడు పెదవులు తడారి విడివడిన చప్పుడు సైతం విడిగా తెలుస్తోంది. రాష్ట్రమంతా వింటున్న నమూనాలో ఇది లేదు. ఇది దానికంటే మేలైన సరుకని ఆయనకు మొదటి మాటకే అర్థమైంది.

"ఇంకోసారి చెప్పు మాణిక్యం," అన్నాడు, రికార్డు మీట నొక్కుతూ.

ఆమె ఇంకోసారి చెప్పింది. ఓపిక ఉన్నంతవరకు చెప్పింది.

మొత్తం మీద పానకాలరావుకి గిట్టుబాటైంది ఇది: జిల్లాలో పదవి ఒకటి, దానికి తగ్గ హెడ్‌ఫోన్, రాష్ట్రమంతా ఆనవాలు పట్టే దుకాణం, ఏ అధికారికీ దొరకని రెండో నమూనా రికార్డు, అందులో భార్య గొంతు చివరి మాట దాకా స్వచ్ఛంగా. ఇందులో నష్టమని చెప్పదగ్గది ఆయనకేమీ వినబడలేదు.