ఏడో పీపాలో చెర్రీలు

ఆ మంగళవారం పొద్దున గోదెలీవ్ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎండ ఎక్కకముందే చెర్రీలు కోయాలి. మధ్యాహ్నానికి జామ్ వండి సీసాలకెత్తాలి. రాత్రి భోజనంలో భర్త ఫిర్మిన్ రొట్టెకి అది రాసిపెట్టి, నెమ్మదిగా చెట్టు మాట ఎత్తాలి.

ఎత్తడానికి ఇక ఆరు రోజులే మిగిలాయి. వచ్చే సోమవారం చెట్లు కొట్టే గుస్తాఫ్ రంపం పట్టుకుని వస్తాడు. చెట్టు వేళ్ళు నేలమాళిగ గచ్చును లేపేస్తున్నాయి కనుక కొట్టేయక తప్పదని ఫిర్మిన్ తేల్చేశాడు. ముప్పై రెండేళ్ళ కిందట, పెళ్ళైన వారానికి, గోదెలీవ్ ఆ మొక్కను పుట్టింటి పెరట్లోంచి తవ్వుకుని, తడిగుడ్డలో చుట్టి, బ్రస్సెల్స్ నుంచి ట్రాములో ఒళ్ళో కూర్చోబెట్టుకుని తెచ్చింది. కండక్టరు దానికీ టికెట్టు కొట్టాడు. గచ్చు లేచిన మాట అబద్ధం కాదు. ఆవిడ కొలిచి చూసింది. అగ్గిపుల్ల మందం.

ఫిర్మిన్ వృత్తి బీరు కలపడం. ఎవరో కాచిన పుల్లబీరు కొని, ఓక్ పీపాల్లో ఏడాది, రెండేళ్ళు, మూడేళ్ళు నిలవబెట్టి, పాతదీ కొత్తదీ పాళ్ళు కుదిర్చి సీసాలకెక్కిస్తాడు. చుట్టుపక్కల ఊళ్ళన్నీ అదే బీరులో చెర్రీలు వేసి ఎర్రగా తాగుతాయి. ఈ ఊరి బీరు సంఘం మాత్రం వేయదు. పదకొండేళ్ళుగా సంఘానికి ఫిర్మినే అధ్యక్షుడు. "పండు తినాలి, బీరు తాగాలి. రెండూ కలిపితే పిల్లల దగ్గుమందు" అన్నది ఆయన సిద్ధాంతం. దాన్ని ఆయన పెళ్ళి విందుల్లో చెప్పాడు, రెండుసార్లు అంత్యక్రియల్లో కూడా చెప్పాడు.

ఆ ఏడు చెట్టు విరగకాసింది. పక్కింటి ఇర్మా సాయానికి వచ్చింది. పదింటికల్లా నాలుగు బకెట్లు నిండాయి. ఇంట్లో ఖాళీ సీసాలు లెక్కేస్తే పంతొమ్మిది తేలాయి. అవి రెండు బకెట్లకే సరి.

"మిగతావి మీ ఇంటికి తీసుకుపో ఇర్మా."

"వద్దక్కా. నిరుటి జామే ఇంకా అలమారలోంచి మమ్మల్ని చూస్తోంది. అయినా బీరు కలిపేవాడి పెళ్ళానివి, చెర్రీలకి చోటు లేదంటావేంటి?"

"నెమ్మదిగా అను. గోడ విన్నా ఆయనకి చెప్పేస్తుంది."

అలా అన్నదే గానీ, ఆ మాట ఆవిడ బుర్రలో కూర్చుంది. నేలమాళిగలో మూలనున్న ఏడో పీపా మీద సుద్దతో పెద్ద అడ్డగీత ఉంది. అది చెడిపోయిందనీ, ఎవరూ మూత కూడా తియ్యొద్దనీ మూడు చలికాలాల కిందటే ఫిర్మిన్ చెప్పాడు. చెడిన బీరులో చెర్రీలు వేస్తే కొత్తగా చెడేది ఏమీ లేదు. ఒకవేళ బాగుపడితే, చెట్టు తరఫున మాట్లాడటానికి ఒక సాక్షి దొరుకుతుంది. ఫిర్మిన్ బిరడాలు కొనడానికి హాలె పట్నం వెళ్ళాడు. సాయంత్రం దాకా రాడు.

పీపా బొజ్జ మీద ఉన్న కన్నంలోంచి గుప్పెడు గుప్పెడుగా రెండు బకెట్లు దింపడానికి ఇద్దరికీ రెండు గంటలు పట్టింది. పీపా మూడోవంతు ఖాళీగా ఉంది. చెడిపోయింది కదా, నింపలేదు కాబోలు అనుకుంది గోదెలీవ్. లోపలినుంచి చెర్రీల వాసన వచ్చింది. తన చేతులదే అనుకుంది. బిరడా పెట్టి, చుట్టూ తుడిచింది.

"ఎవరికీ చెప్పకు."

"నా నోరు నీకు తెలీదా అక్కా" అంది ఇర్మా. మాట నిలబెట్టుకుంది కూడా. ఆ సాయంత్రం మొగుడు ఒడిలోన్‌కి తప్ప ఎవరికీ చెప్పలేదు. మొగుడికి చెప్పడం చెప్పడం కిందికి రాదు. అది కూడా పూర్తిగా చెప్పలేదు. "వాళ్ళ ఏడో పీపాలో చెర్రీలున్నాయట" అని ఊరుకుంది.

ఒడిలోన్ మందుల షాపు యజమాని, సంఘానికి కార్యదర్శి. సెప్టెంబరు జాతరలో సంఘం బల్ల మీద చెర్రీ బీరు పెట్టుకోవచ్చునా అన్న తీర్మానం ఆయనదే. ఆదివారం ఫిర్మిన్ నేలమాళిగలోనే దాని మీద ఓటింగు. బుధవారం పొద్దున్నే ఆయన కిటికీ బయట ఫిర్మిన్ భుజం తట్టడం గోదెలీవ్ వంటింట్లోంచి చూసింది.

"అధ్యక్షా, ఏడో పీపా సంగతి తెలిసింది. గుండె గలవాడివి."

ఫిర్మిన్ చేతిలోంచి గరాటు జారింది. అది దొర్లి దొర్లి మురుగుకాలవ చేరేదాకా ఆయన దాని వైపే చూస్తూ నిలబడ్డాడు.

గోదెలీవ్ ముప్పై రెండేళ్ళలో ఆయన కోపాన్ని కేకల రూపంలోనే చూసింది. ఇప్పుడు కేక లేదు. అది చూసి ఆవిడకు మరీ భయం వేసింది. ముందురోజు జామ్ వంటతోనే రాత్రైపోయింది కనుక, ఈ రాత్రి భోజనం దగ్గర తానే తెగించింది.

"ఫిర్మిన్, నేలమాళిగ గురించి ఒక మాట..."

"నేలమాళిగ మాట ఎత్తకు."

"వినవయ్యా, అసలు జరిగిందేంటంటే..."

"జరిగింది నాకు తెలుసు. అంతా నా ఖర్మ. సూప్ పొయ్యి."

జామ్ సీసా మూత కూడా తియ్యకుండా బల్ల మీదే ఉండిపోయింది. చెట్టు మాట వచ్చే దారి లేదు.

శుక్రవారం ఫిర్మిన్ సమావేశాన్ని చర్చి హాలుకి మార్చాలని చూశాడు. హాలు పావురాల పందెంవాళ్ళు తీసేసుకున్నారని ఫాదర్ చెప్పాడు. పావురాలకు ఎదురు చెప్పే అధికారం ఆ ఊళ్ళో ఎవరికీ లేదు.

శనివారం గోదెలీవ్ కుర్చీలు సర్దడానికి కిందికి దిగింది. సాలెగూళ్ళు ముట్టుకోకూడదు. బీరు పీపాల దగ్గర ఈగల్ని పట్టేది సాలీళ్ళే. ఇల్లంతా అద్దంలా తుడిచే ఆవిడకు ఆ ఒక్క గది ముప్పై రెండేళ్ళ శిక్ష. ఈసారి ఆవిడ చూపు గూళ్ళ మీదికి పోలేదు. ఏడో పీపా మీద సంఘం జెండా కప్పి ఉంది.

తన తప్పును ఆయన జెండాతో కప్పాడు. ఒక్క తిట్టు తిట్టకుండా. గోదెలీవ్ కొంగున్న దేశపు మనిషి కాదు కనుక ఆప్రాన్ అంచుతో కళ్ళొత్తుకుంది.

అయితే జెండా మధ్యలో పిడికెడంత గులాబీరంగు నురగ మరక తేలింది. కింద బిరడా చిన్నగా గొణుగుతోంది. దాన్ని అదిమి, తుడిచి, మళ్ళీ పైకి రాకుండా ఏదైనా బరువు పెట్టాలని చూసింది. గోడ గూట్లో బీరు కాచేవాళ్ళ దైవం పునీత ఆర్నోల్డ్ మట్టి విగ్రహం ఉంది, రెండడుగులది. ఎత్తి సరిగ్గా బిరడా మీద నిలబెట్టింది. సాయంత్రం ఫిర్మిన్ మెట్ల మీదినుంచి దాన్ని చాలాసేపు చూసి, సిలువ గుర్తు వేసుకుని, "బాగుంది" అన్నాడు. ఆ వారమంతటిలో ఆయన మెచ్చుకున్నది అదొక్కటే.

ఆదివారం పదకొండుమంది సభ్యులు నల్ల అంగీలు, మెడలో పతకాలతో కూర్చున్నారు. గోదెలీవ్ రొట్టె, తెల్ల జున్ను, ముల్లంగి ముక్కలు పళ్ళెంలో పెట్టుకుని మెట్ల మీద నిలబడింది. ఫిర్మిన్ ఏడో పీపాకు వీపు ఆనించినంత దగ్గరగా నిలబడి మాట్లాడుతున్నాడు.

"పెద్దలారా, పండు వేసిన బీరు అబద్ధమాడే బీరు. మన తాతలు పీపాలో ఏం దాచారు? ఏమీ దాచలేదు."

పునీత ఆర్నోల్డ్ కొద్దిగా వణికాడు.

"నా పీపాల్లో దాపరికం లేదు. దానికి సాక్షి, ఇదిగో, నా వెనక ఉన్న ఈ..."

ఆర్నోల్డ్ లేచాడు. సభ్యులు అలవాటు కొద్దీ టోపీలు తీశారు. విగ్రహం దూలం దాకా వెళ్ళి, తిరిగి వచ్చి గుస్తాఫ్ ఒళ్ళో పడింది. రంపం పట్టిన చేతులు కనుక గట్టిగా పట్టుకున్నాడు. ఎర్ర నురగ కప్పుకి తగిలి అందరి మీదా సమానంగా కురిసింది. సాలెగూళ్ళన్నీ కెంపుల దండల్లా వేలాడాయి.

గోదెలీవ్ పళ్ళెం కింద పెట్టి, నోరు తెరిచింది. ఫిర్మిన్ అప్పటికే మెడలోంచి పతకం తీస్తున్నాడు.

"చెర్రీలు వేసింది నేనే."

గోదెలీవ్ నోరు అలాగే ఉండిపోయింది.

"మూడేళ్ళ కిందట. మా ఆవిడ లేవకముందు, ఆవిడ చెట్టువే కోశాను. పిట్టలు తినిపోయాయని చెప్పాను. అప్పట్నించీ వారానికి రెండు గ్లాసులు. ఆదివారాలు మూడు." ఆయన గొంతు సవరించుకున్నాడు. "గచ్చుకేమీ కాలేదు గుస్తాఫ్. ఆ చెట్టు కంటిముందు ఉన్నంతకాలం నేను బాగుపడనని నిన్ను పిలిచాను."

ఒడిలోన్ తన చొక్కా చేతిమడతలోంచి ఒక చెర్రీ తీశాడు. నిగనిగలాడుతోంది.

"మూడేళ్ళదా ఇది? తొడిమ ఇంకా పచ్చగా ఉందే."

ఫిర్మిన్ దాన్ని చేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు. తర్వాత మెట్ల వైపు, భార్య గోళ్ళ వైపు చూశాడు. మంగళవారం నుంచి ఎంత తోమినా వదలని ఎరుపు.

"మా చెట్టు కాయ అంతే ఒడిలోన్. తొందరగా వాడదు."

గోదెలీవ్ పళ్ళెం ఎత్తుకుని దిగి వచ్చింది. "జున్ను తీసుకోండి" అంది.

పీపాలో ఇంకా సగం మిగిలే ఉంది. విచారణ నిమిత్తం రుచి చూడాలని ఎవరో అన్నారు. గ్లాసులు వచ్చాయి. అంత్యక్రియల్లో కూడా ఆ సంఘం అంత నిశ్శబ్దంగా తాగలేదు. రెండో గ్లాసు దగ్గర గుస్తాఫ్ విగ్రహాన్ని రెండో మోకాలి మీదికి మార్చుకుని అడిగాడు.

"ఇంతకీ రేపు నేను రానా, వద్దా?"

గోదెలీవ్ చేతిలో పళ్ళెం ఆగిపోయింది.

"రా" అన్నాడు ఫిర్మిన్. "రంపం వద్దు, నిచ్చెన తీసుకురా. పై కొమ్మలు మా ఇద్దరికీ అందడం లేదు."

ఆనాటి సమావేశ వివరాల పుస్తకంలో ఒడిలోన్ ఇలా రాశాడు: బీరులో పండు ఉండవచ్చునా అన్న తీర్మానంపై అనుకూలురు చేతులెత్తవలసిందిగా కోరగా, ఎవరి చెయ్యీ ఖాళీగా లేనందున విషయం వాయిదా పడినది.