ఫ్లెక్సీలో గృహప్రవేశం

అసిరమ్మకు మంజూరైన ఇల్లు ఫోటోలో ఉంది కాబట్టి, ఆవిడ ఆ ఫోటోలోకే మారి కాపురం ఉండాలని గృహవసతి కార్యాలయం ఉత్తర్వు ఇచ్చింది. ఉత్తర్వులో వంక పెట్టడానికి ఏమీ లేదు. ముద్ర ఉంది, సంతకం ఉంది, పక్కన ఆవిడ నవ్వు ముఖం కూడా ఉంది.

ఆ ఫోటో తీసింది ఆవిడ అక్క కొడుకు కనకారావు. మెట్టవీధిలో అతనికి స్టూడియో ఉండేది. పెళ్లిళ్లకు అందరూ పట్నం నుంచి డ్రోన్లు పిలిపించుకోవడం మొదలెట్టాక, ఆన్‌లైన్ ఏజెన్సీలకు ఫోటోలు పంపి బతకడం నేర్చుకున్నాడు. ఎక్కడో ఎవరో కొనుక్కుంటారు, ఇక్కడ ఇంత అని జమ అవుతుంది. వినడానికి ఎంత సులువో! తాటిముంజలు తీసి పంపితే ఇలాంటివి మా దగ్గర చాలా ఉన్నాయన్నారు. పెళ్లాం వంకాయలు తరుగుతున్న ఫోటో పంపితే కత్తిపీట చూసి హింస అన్నారు. చివరికి విసుగెత్తి, ఒక మేస్త్రీ కట్టి అమ్మకానికి పెట్టిన ఇంటి ముందు పిన్నిని నిలబెట్టి, చేతికి తాళంచెవి ఇచ్చి నవ్వమన్నాడు.

"ఏటికిరా నవ్వడం?" అంది అసిరమ్మ.

"కొత్తిల్లు వచ్చిందనుకో పిన్నీ."

ఆవిడ అనుకుంది. అనుకోగానే నవ్వు చెవుల దాకా పాకింది. పాపం, గాలివానకు రేకులు ఎగిరిపోయిన దగ్గర్నుంచీ ఆవిడ చిల్లుల టార్పాలిన్ కిందే ఉంటోంది. తల్లి పోయాక కనకారావును పెంచింది ఆవిడే. ఈ వానాకాలమైనా ఆవిడ తడవకుండా గడవాలన్నదే అతని కోరికంతా.

ఫోటో మాత్రం విరగబడి అమ్ముడుపోయింది. సిమెంటు కంపెనీ కొంది, బ్యాంకు కొంది, మోకాళ్ల నొప్పుల మందు వాళ్లూ కొన్నారు. గృహవసతి కార్యాలయం కూడా కొని, ఊరి కూడలిలో మేడంత ఫ్లెక్సీ కట్టించింది. సరిగ్గా అప్పుడే అసిరమ్మ ఇంటికోసం దరఖాస్తు పెట్టుకుంది. అధికారిణి విశాలాక్షి గారు దరఖాస్తు చూశారు, కిటికీలోంచి ఫ్లెక్సీ చూశారు.

"మీకు ఇచ్చేశాం కదమ్మా. తాళంచెవి కూడా మీ చేతిలోనే ఉంది."

"అది ఉత్త ఫోటో అండి మేడం," అన్నాడు కనకారావు.

"ఫోటో లేకుండా ఏ ఇల్లూ పూర్తయినట్టు మేం ఒప్పుకోం. ఈవిడకు ఫోటో ఉంది. ఇల్లు లేదనడానికి మీ దగ్గర ఫోటో ఉందా?"

ఉంది. టార్పాలిన్ ముందు కూర్చున్న పిన్నిని సెల్‌ఫోన్‌లో చూపించాడు. మేడం కళ్లజోడు సవరించుకుని మరీ చూశారు.

"ఇందులో నవ్వడం లేదు. ఈవిడేనని ఎలా నమ్మమంటారు?"

కనకారావు ఇంకో ఫోటో కోసం సెల్‌ఫోన్‌లో వెతకసాగాడు. అసిరమ్మే ముందుకొచ్చి, "ఆ ఫ్లెక్సీ కారదు గదా తల్లీ?" అని అడిగింది. కారదన్నారు మేడం.

"మరింకేటి!"

గృహప్రవేశానికి ఊరంతా కదిలింది. సన్నాయి మేళం పెట్టించారు, ఇనప చట్రానికి మామిడాకులు కట్టారు, ఫ్లెక్సీ కింద పొయ్యి వెలిగించి పాలు పొంగించారు. అసిరమ్మ నిచ్చెనెక్కి, కుడికాలు ముందు పెట్టి ఫోటోలోకి అడుగేసింది. ఆవిడ పాదాలు అచ్చులోని పాదాల మీద ఇట్టే కుదిరాయి. చప్పట్లు మోగిపోయాయి. ఆ ఫోటో ఎన్నిసార్లు అమ్ముడైతే అన్ని ఇళ్లు పూర్తయినట్టు రాసుకోవచ్చని పైనుంచి అనుమతి రావడంతో మండలం జిల్లాలో మొదటి స్థానంలో నిలిచింది. విశాలాక్షి గారు కనకారావుకు శాలువా కప్పారు. పిన్నికి ఇల్లొచ్చింది, అదీ తన కెమెరాతో! ఆనందంతో అతనికి కన్నీళ్లు ఆగలేదు.

సాయంత్రం కుండపోత మొదలైంది. అతను గొడుగేసుకుని కూడలికి పరిగెత్తాడు.

"పిన్నీ! తడుస్తన్నావా?"

"నాకేటి వాన? నువ్వు తీసిననాడు ఎండ గదరా. ఇక్కడింకా ఎండే."

"అయితే హాయిగా లోపలికెళ్లి పడుకో."

"లోపలేదిరా?" అంది అసిరమ్మ, నవ్వు చెదరకుండా. "నువ్వు లోపల తియ్యలేదు గదా."

కనకారావు గొడుగు పక్కకు తీసి ఫ్లెక్సీలోని తలుపు వంక చూశాడు. నిజమే, తియ్యలేదు. అమ్మడానికి ఇంటి ముందుభాగమే సరిపోయింది.

"బెంగెట్టుకోకు. ఆ టార్పాలిన్ కొంపకి లోపలుండేది, అయినా రేతిరంతా తడిసి కూకునేదాన్ని. ఇక్కడ పొడిగా నిలబడతన్నాను. ఏది మేలో నువ్వే సెప్పు."

అతను ఎంత ఆలోచించినా పిన్ని మాటలో తప్పు కనిపించలేదు. మనసు కుదుటపడి వెనక్కి తిరిగేసరికి, వానలో ఊళ్లో సగం మంది ట్రంకుపెట్టెలు, పరుపుచుట్టలు నెత్తిన పెట్టుకుని నిలబడి ఉన్నారు.

"మమ్మల్నెప్పుడు తీస్తావు బావూ?" అని అడిగాడు ముందున్న ముసలాయన.

"ముందు నవ్వడం వచ్చో రాదో చూడాలి కదా," అన్నాడు కనకారావు.

అందరూ ఒక్కసారిగా నవ్వారు. ఒక్కరు కూడా పనికిరాకుండా పోలేదు. వెలుతురు చాలదు, రేపు రమ్మన్నాడతను. వాళ్లు నవ్వు ఆపకుండానే సామాన్లు ఎత్తుకుని, ఇళ్లు ఉండాల్సిన చోట్లకు వెళ్లిపోయారు.