పచ్చపూత

ఆ ఉదయం ఆవిడ పెట్టుకున్న పని ఒక్కటే. భర్త క్షవరం చేయించుకుని వచ్చేలోగా వెనక గది ఊడ్చెయ్యాలి. రిటైరైన పోస్టుమాస్టరుగారు మూడు నెలలుగా ఆ గదిలో తైలవర్ణ చిత్రాలు వెయ్యడం నేర్చుకుంటున్నారు. ఐదు వందల ఏళ్ళ కిందట ఇటలీలో ఒక మహానుభావుడు వేసిన దొరసాని బొమ్మను ఉన్నదున్నట్టు దించమని డ్రాయింగు మాస్టారు పురమాయించారు. వారం రోజులుగా ఆయన గదికి తాళం వేస్తున్నారు. ఆ రోజు మరిచిపోయారు.

చీపురుతో లోపలికి వెళ్ళిన ఆవిడ, బొమ్మకు కప్పిన గుడ్డను దులుపుదామని తీసింది.

బట్టలు దొరసానివే. జుట్టు దొరసానిదే. ముఖం మాత్రం తనది. తన ముక్కు, తన చుబుకం, ఎడమ కనుబొమ్మ మీది మచ్చతో సహా. ఆ ముఖమంతా పాచి పట్టినట్టు ఆకుపచ్చగా ఉంది. పెదవులు బూడిద రంగు. ప్రాణమున్న మనిషికి ఉండే రంగు ఒక్కటీ లేదు.

అక్కడే ముక్కాలిపీట మీద కూలబడింది. పది రోజుల కిందట కళ్ళు తిరుగుతున్నాయని రక్తపరీక్ష చేయించుకుంది. వారం కిందట రిపోర్టు తెచ్చింది ఆయనే. "ఏం లేదులే" అన్నారు. ఆ మర్నాటి నుంచే గదికి తాళం. ఆ మర్నాటి నుంచే, తను అన్నం వడ్డిస్తుంటే ముఖంలోకి అదే పనిగా చూడడం.

అక్కకు ఫోను చేసింది.

"ఏం లేదన్నాడా? మగాళ్ళు అలా అన్నారంటే ఏదో ఉన్నట్టే," అంది అక్క. "నోరెండుతోందా?"

"ఇప్పుడు ఎండుతోందక్కా."

"చేతులు చల్లగా ఉన్నాయా?"

"మంచులా ఉన్నాయి."

"అయ్యో పిచ్చిదానా! నీ గుర్తుగా బొమ్మ వేసుకుంటున్నాడే మీ ఆయన! మనసులో ఏమైనా దాచుకుని ఉంటే ఇవాళే చెప్పెయ్యి. మోసుకుపోకు."

చావంటే కాదు ఆవిడ భయం, ఆయన్ని ఒక్కణ్ణీ వదిలి పోవడమంటే. కళ్ళజోడు నుదుటి మీదే పెట్టుకుని ఇల్లంతా వెతికే మనిషి. జ్వరమొస్తే ఎవరు చూస్తారు? ఏడుస్తూనే వంటింటి డబ్బాలన్నిటికీ పేర్లు రాసి కాగితాలు అంటించింది.

ఆయన రాగానే చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి చూపించింది. "ఇది పంచదార. ఇది ఉప్పు."

"ఇప్పుడివన్నీ నాకెందుకే?"

"నాకంతా తెలిసిపోయిందండీ. బొమ్మ చూశాను."

ఆయన తల దించుకున్నారు. "చూశావా? నీకు తెలియకూడదనే తాళం వేశాను."

ఆవిడకు ఉన్న కాస్త ఆశా పోయింది. కళ్ళు గట్టిగా మూసుకుంది. "అయితే నేనూ ఒకటి చెప్పాలి. అప్పుడెప్పుడో పోయిన మీ ఫిడేలును దొంగలెత్తుకుపోలేదు. పాతసామాన్లవాడికి నేనే ఇచ్చేశాను. మీ సాధన తట్టుకోలేక పిల్లి ఇల్లు వదిలిపోయింది. నాకు పోయే దారి లేకపోయింది."

పోస్టుమాస్టరుగారు నెత్తి కొట్టుకున్నారు. "కింది వాటా ఆయన మీద పోలీసులకి కంప్లయింటు ఇచ్చానే! పద్దెనిమిదేళ్ళుగా ఎదురుపడితే మొహం తిప్పుకుంటున్నానే!"

"క్షమించండి. ఎలాగూ పోయేదాన్ని."

"ఎక్కడికి పోతావ్?"

ఆవిడ జవాబు చెప్పేలోగా పాఠానికి వచ్చిన డ్రాయింగు మాస్టారు నేరుగా వెనక గదిలోకి వెళ్ళి కేకేశారు. "భేష్! పచ్చపూత బాగా ఆరింది. ఆ కాలం వాళ్ళు ముఖానికి ముందు ఇదే వేసేవారు. రేపు దీని మీద ఎరుపు పడితే జీవం వచ్చేస్తుంది. అది సరే, ఈవిడెవరండీ? నేనిచ్చిన బొమ్మలో మనిషి కాదే!"

"ఏం చెయ్యను మాస్టారూ! నలభై ఏళ్ళుగా ఒక్క ముఖమే చూస్తున్నాను. దొరసాని ముక్కు గీద్దామన్నా ఈవిడ ముక్కే వస్తోంది. ఎక్కడ తప్పుతున్నానో చూద్దామని రోజూ అన్నం దగ్గర ఈ ముఖాన్నే పరీక్షగా చూస్తున్నాను. ఇంకా ఎక్కువ పోలిక వచ్చేసింది. చూస్తే నవ్వుతుందని గదికి తాళం వేశాను."

"మరి నా రక్తం?" అంది ఆవిడ గుమ్మంలోంచి.

"ఏం లేదని ఆ రోజే చెప్పాను కదే! రిపోర్టు బీరువాలో ఉంది, చూసుకో."

తెచ్చి చదివింది. అన్నీ ఉండాల్సినంతే ఉన్నాయి. ఆవిడకు ప్రాణం లేచొచ్చింది. తలెత్తి చూసేసరికి ఆయన చెప్పులు వేసుకుంటున్నారు.

"పద, కింది వాటాకి," అన్నారు. "ఆ ఫిడేలు సంగతి ఆయనకి నువ్వే చెప్పాలి."

ఎక్కడైనా ఒక చిన్న జబ్బయినా దొరక్కపోతుందా అని ఆవిడ రిపోర్టును మళ్ళీ మొదటి నుంచి చదవడం మొదలుపెట్టింది.