దంతవైద్యుని ఈతకొలను విజయం

ఆలకించుడు సజ్జనులారా! లోకమెల్ల దుప్పటి ముసుగులో నున్న ప్రభాతవేళ, క్లోరిన్ గంధబంధురమై, నీలిపెంకుల నిగనిగలతో విరాజిల్లు ఈతకొలను తీరమున, బిగుతైన ఈతదుస్తులలో బొజ్జను బంధించి, పీల్చిన ఊపిరి విడువక నిలిచిన ఆ మహావీరు డెవరు? పగలెల్ల పరుల పళ్ళు పీకు దంతవైద్యుడే గదా!

గడచిన సెలవులలో ఆలుమగ లిరువురును గాలితిత్తి కట్టుకొని నీట మునుగు స్కూబాకై సముద్రమునకు పోయిరి. పైకి తేలిన భార్య అలసి, సాయము కోరి చేయి ఊపెను. ముచ్చటగా పలకరించుచున్నదని తలచి ఈయనయు చేయి ఊపెను. చివరకు పడవవాడు దూకి ఆమెను లాగుకొని వచ్చెను. నాటినుండి ఆ సిగ్గు వీరుని నిదురపోనీయలేదు. నీట ఆపదనున్నవారిని కాపాడుట నేర్పు రెస్క్యూ డైవర్ కోర్సులో చేరెదనని ప్రతిన బూని, లిఫ్టును పరమశత్రువుగా నెంచి మెట్లెక్కెను. పరుపును భుజాన వేసుకొని హాలెల్ల తిరిగెను. మోకాళ్ళు మొరపెట్టుకొన్నను ఆలకింపడయ్యెను.

కోర్సుకు ముందొక పరీక్ష గలదు. స్పృహ తప్పినట్లు పడియున్న మనిషిని కొలను ఈ దరినుండి ఆ దరికి ఆగక లాగవలెను. తప్పినచో మరుసటి యేడు రమ్మనును శిక్షకురాలు, మెడలో ఈల ధరించిన ఉగ్రమూర్తి. స్పృహ తప్పు పాత్ర భార్యది. సగము దూరము సుఖముగా సాగెను. అంతలో, ఆమె గడ్డము పట్టి ముఖముపై వంగిన ఆ వైద్యునకు ఏండ్ల అలవాటు పెల్లుబికి, "నోరు బాగా తెరవండి" అని నోరు జారెను. ఆయన చేతనే పళ్ళు బాగుచేయించుకొన్న ఆ ఇల్లాలు ఆలోచింపకయే తెరిచెను. కొలనులో కొంత భాగము ఆమె కడుపు చేరెను. దగ్గుల దుందుభులు మ్రోగెను.

"మధ్యలో ఆగిపోయారు కాబట్టి ఇది లెక్కలోకి రాదు. ఇంకొక్కసారి చూస్తాను, అంతే," అనెను శిక్షకురాలు.

వీరుడు జలము చరచి, "ఈ బాహువులలో బలమున్నంత వరకు నిన్ను విడువను!" అని గర్జించెను.

భార్య ముఖము తుడుచుకొనుచు, "వదలకపోతే మంచిదే. ముందు ఆ నోరు మూసుకుని లాగండి," అనెను.

అంతట పెదవులు బిగించి, పిక్క పట్టేసినను లెక్కింపక, ఊపిరితిత్తులు కొలిమితిత్తులై బుసకొట్టుచుండగా, ఒక్కొక్క పెంకును శత్రుదుర్గమువలె దాటుచు పోయి పోయి, గోడను తాకెను. ఈల మ్రోగెను. కోర్సునకు రమ్మని శిక్షకురాలు తల ఊపెను.

భార్య కన్నులు తెరిచి, "ఇకనుంచి నేను చెయ్యి ఊపితే, మీరు తిరిగి ఊపకండి. వచ్చేయండి," అనెను.

ఆయన ఆమె చేయి గట్టిగా పట్టుకొనెను. ఆమె లేచి నిలిచెను. నీరు ఆమె నడుము దాటలేదు.

జయము, జయము! నడుములోతు నీట, మునగని ఆలిని, మునగకుండ గట్టుకు చేర్చిన ఆ ఘనుని కీర్తి, అతని తువ్వాలు ఆరువరకైనను వర్ధిల్లుగాక!